గాలి మార్పుకి అరకు వెళుతున్నారా?

కార్తీకమాసం దగ్గర పడిందంటే మా ఓపీలో ఒక ప్రశ్న మొదలవుతుంది. బీపీ చూపించుకోవడానికి వచ్చిన రిటైర్డు మాస్టారు చొక్కా చెయ్యి కిందికి దించుకుంటూ, "మా అబ్బాయి అరకు తీసుకెళతానంటున్నాడండి. ఈ బీపీతో కొండ ఎక్కవచ్చంటారా?" అంటారు. ఆయన వెనకాల నిలబడ్డ ఉబ్బసం అమ్మగారు కూడా అదే అడుగుతుంది. ఇంకొకావిడ, కోడలికి ఆరో నెల, ఘాట్ రోడ్డు మీద కారులో పంపవచ్చా అని అడుగుతుంది. ఆకాశం తేటగా ఉన్న రోజున గజపతినగరం నుంచి చూస్తే పడమటి దిక్కున కొండల వరస నీలంగా కనిపిస్తుంది. రోజూ కనిపించే కొండల మీద చల్లగా ఒక లోయ ఉందని తెలిసి వెళ్ళకుండా ఉండటం ఎవరి తరం? నేనూ వద్దనను. కాని అందరూ అడిగేది ఒకటి, నాకు భయం వేసేది ఇంకొకటి. ఈ వారం ఆ రెండూ రాస్తాను. మధ్యలో మా ఇంటి సంగతి కూడా ఒకటి చెప్పవలసి ఉంది. అది చెప్పడానికి డాక్టరుగా నాకు కొంచెం సిగ్గుగానే ఉంది.

ముందు మాస్టారి ప్రశ్న. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు, అంటే పాత లెక్కలో మూడు వేల అడుగులు. దారిలో గాలికొండ దగ్గర ఇంకొంచెం ఎక్కువ. ఎత్తైన చోట గాలి పలచబడి తలనొప్పి, వాంతులు, ఆయాసం వచ్చే జబ్బు సాధారణంగా 2500 మీటర్లు దాటాక గాని కనిపించదు. లడఖ్ లోని లేహ్ కి వెళ్ళేవాళ్ళు దానికి భయపడాలి గాని అరకు వెళ్ళేవాళ్ళకి ఆ బెంగ అక్కరలేదు. ఊటీయే అరకుకి రెండింతల పైగా ఎత్తు. కనుక బీపీ మందులు సరిగా వేసుకుంటూ, బీపీ అదుపులో ఉన్నవారు నిక్షేపంగా వెళ్ళవచ్చు. మందుల పొట్లం ఇంట్లో మరిచిపోయి వెళ్ళవద్దు, అంతే. నాలుగు రోజుల ప్రయాణానికి ఆరు రోజుల మందులు పెట్టుకోండి. ఘాట్ లో చెట్టు పడితే బస్సు ఎప్పుడు కదులుతుందో ఎవరూ చెప్పలేరు.

ఇటీవలే గుండెపోటు వచ్చినవారు, నాలుగడుగులు వేస్తే ఛాతీ బిగపట్టేవారు, విశ్రాంతిగా కూర్చున్నా ఆయాసపడేవారు మాత్రం తమ డాక్టరుని అడగకుండా బయలుదేరకూడదు. గర్భిణుల సంగతి కింద వేరే చెబుతాను. దానికి కారణం ఘాట్ రోడ్డు కుదుపు ఒక్కటే కాదు.

అసలీ 'గాలి మార్పు' అనే మాట ఎక్కడిదో తెలుసా? క్షయకి మందు లేని రోజుల్లో డాక్టర్లు రోగుల్ని కొండలమీదికి పంపేవారు. స్విట్జర్లాండులో ఆల్ప్స్ పర్వతాల మీద దావోస్ అనే ఊరు అలాగే పెరిగింది. మంచులో ఆరుబయట పడక్కుర్చీలు వేసి, దుప్పట్లు కప్పి రోగుల్ని పడుకోబెట్టేవారు. మన మదనపల్లి దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం కూడా ఆ కాలపు ఆలోచనే. 1944లో స్ట్రెప్టోమైసిన్ వచ్చాక ఆ పడక్కుర్చీలు మూలపడ్డాయి. దావోస్ మంచు మీద జారే ఆటల ఊరుగా మారిపోయింది. గాలి మారినంత మాత్రాన జబ్బులు పోతాయని నేను చెప్పను. కాని ఏడాది పొడుగునా కొట్టులో కూర్చునే మనిషి, పొయ్యి ముందు నిలబడే ఇల్లాలు రెండు రోజులు కొండ గాలి పీల్చి, నాలుగు మైళ్ళు నడిచి, హాయిగా నిద్రపోయి వస్తే వాళ్ళ బీపీ అంకె కొద్దిగా దిగడం నేను చూశాను.

ఇహ ప్రయాణం. మా వైపు నుంచి వెళ్ళేవాళ్ళు విజయనగరం మీదుగా ఎస్.కోట చేరి అక్కడ కొండ ఎక్కుతారు. రైలు సరదా ఉన్నవాళ్ళు పొద్దున్నే విశాఖలో బయలుదేరే కిరండూల్ బండిని ఎస్.కోటలో అందుకోవచ్చు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి తెచ్చి జపానుకి పంపడం కోసం 1960లలో వేసిన లైను ఇది. సొరంగాలే 58 ఉన్నాయంటారు. 2017లో ఈ బండికి అద్దాల పెట్టె కూడా తగిలించారు. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు వేస్తారు. వెయ్యనివ్వండి, ఊపిరితిత్తులకి మంచిదే. తలుపు దగ్గర వేలాడి ఫోటోలు తీసుకునే కుర్రవాళ్ళని మాత్రం లోపలికి లాగి రెండు తగిలించినా తప్పులేదని నా అభిప్రాయం.

వాంతులయ్యే తత్వం ఉన్నవాళ్ళకి రోడ్డుకన్నా రైలు నయం. రోడ్డునే వెళితే ముందు సీటులో కూర్చుని దూరంగా కనిపించే కొండని చూస్తూ ఉండాలి. ఒళ్ళో ఫోను చూసుకుంటూ కూర్చుంటే రెండో మలుపులోనే కడుపులో తిప్పుతుంది. ఎందుకంటే శరీరం వంపు తిరుగుతోందని చెవి లోపలి భాగం మెదడుకి చెబుతుంటే, కదలిక ఏమీ లేదని కన్ను చెబుతుంది. ఆ తగవులో నలిగేది పొట్ట. ఎస్.కోటలో పూరీ కూర దిట్టంగా తిని ఘాట్ ఎక్కవద్దు. రెండు ఇడ్లీలు చాలు. అవొమిన్ లాంటి మాత్ర వేసుకునేటట్టయితే కొండ ఎక్కడానికి గంట ముందు వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక కాదు. అది నిద్ర తెప్పిస్తుంది కనుక బండి నడిపేవారు వేసుకోకూడదు. రెండేళ్ళలోపు పిల్లలకి అసలు ఇవ్వకూడదు. మధుమేహం ఉన్నవాళ్ళు జేబులో బిస్కెట్లు, చక్కెర బిళ్ళలు ఉంచుకోవాలి. మందు వేసుకుని, ట్రాఫిక్ లో చిక్కుకుని, భోజనం మూడు గంటలకి చేస్తే చెమటలు పట్టి కళ్ళు తిరుగుతాయి.

బొర్రా గుహల దగ్గర ఒక మాట. సున్నపురాతిలోంచి నీరు వేల ఏళ్ళు కారగా పైనుంచి ఊడలు, కింద నుంచి స్తంభాలు మొలిచిన చోటు అది. తప్పకుండా చూడవలసిందే. కాని ఏ గుడిలోనైనా కష్టమంతా ముందు పడతాం, మెట్లెక్కి దర్శనం చేసుకుని సుఖంగా దిగి వస్తాం. ఇక్కడ తిరకాసు. దిగడం ముందు, ఎక్కడం తరవాత. లోపలికి పోయేటప్పుడు అందరూ హుషారే. అలిసిపోయాక, గాలి ఆడని తేమలో, తడి మెట్ల మీద పైకి రావాలి. మా ఊరి వర్తకుడు ఒకాయన అలా పైకి వచ్చి ఛాతీ పట్టుకుని, గ్యాసు అనుకుని నిమ్మసోడా తాగి, గంటసేపు బండలో కూర్చున్నాడు. అది గ్యాసు కాదు. అదృష్టం బాగుండి బతికాడు. ఛాతీ మధ్యలో బరువు, ఎడమ చెయ్యి లాగడం, దవడ నొప్పి, చల్లని చెమటలు, వీటిలో ఏది కనిపించినా సోడా మాట ఎత్తకుండా 108కి ఫోను చేయండి. ఎస్.కోటలోను, అరకులోను, పాడేరులోను ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. మోకాళ్ళ నొప్పులవాళ్ళు సగం దాకా దిగి, అక్కడినుంచే చూసి వచ్చేయండి. ఊడలన్నీ లెక్కపెట్టకపోతే నష్టమేమీ లేదు.

అరకులో చూడవలసినవి మీకు ఎవరైనా చెబుతారు. గిరిజన మ్యూజియం ఉంది, మధ్యాహ్నం ఎండ వేళ దానికి పెట్టుకోండి. పద్మాపురం తోట ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, సైనికులకి కూరగాయలు పండించడానికి దాన్ని మొదలుపెట్టారు. పిల్లలకి అక్కడ ఒక పూట గడిచిపోతుంది. అనంతగిరి దగ్గర మిరియాల తీగలు పాకిన చెట్ల నీడలో కాఫీ తోటలున్నాయి. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సాయంత్రం ఆరు దాటాక తాగి, రాత్రి నిద్రపట్టలేదని నన్ను అడగవద్దు. బొంగులో చికెన్ వేడిగా, మీ కళ్ళముందు బొంగు పగలగొట్టి పెడితేనే తినండి. ముక్క లోపల ఎర్రగా ఉంటే మళ్ళీ నిప్పుల మీద పెట్టమనండి, మొహమాటం వద్దు. చాపరాయి దగ్గర నున్నటి బండల మీద నీరు పరుగెత్తుతుంటే జారాలని ఎవరికైనా ఉంటుంది. ఆ బండల మీద పాచి ఉంటుంది. అక్కడ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుని వచ్చినవాళ్ళకి నేను ఏటా కట్లు చూస్తూనే ఉంటాను. వానలు కురిసిన మర్నాడు ఏ వాగులోకీ దిగవద్దు. పైన ఎక్కడో కురిసిన వాన మీకు చెప్పి రాదు.

ఇప్పుడు బస. నాకు భయం వేసే సంగతి ఇక్కడే ఉంది.

అరకులోను, అనంతగిరిలోను పర్యాటక శాఖ వారి బసలున్నాయి. ప్రైవేటు లాడ్జీలు కావలసినన్ని వచ్చాయి. కొందరు తమ ఇళ్ళలోనే గదులు ఇస్తున్నారు. ఇవి కాక, పొలాల్లో గుడారాలు వేసి రాత్రికి ఇంత అని తీసుకునే పద్ధతి ఈ మధ్య బాగా పెరిగింది. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద తెల్లవారుజామున మేఘాలు పాలసముద్రంలా కిందపడి ఉంటాయి. అది చూడాలంటే చీకట్లోనే కొండ ఎక్కాలి కనుక ముందు రాత్రి దగ్గర్లోనే పడుకోవాలి. అలా గుడారాల వ్యాపారం పుట్టింది.

గది చూసుకునేటప్పుడు మీరేమి చూస్తారు? మంచం, దుప్పటి, వేడినీళ్ళు, టీవీ. నన్నడిగితే మొదట కిటికీ చూడండి. దానికి జాలీ ఉందా, ఉంటే చిరుగులున్నాయా చూడండి. దోమతెర కట్టడానికి నాలుగు మూలలా ఆధారం ఉందా చూడండి. తరవాత, కిటికీలోంచి బయటికి చూసి వాగు ఎంత దూరంలో ఉందో చూడండి.

వాగు మాట ఎత్తగానే చాలామంది నవ్వుతారు. "అక్కడ మురికి కాలువలు ఎక్కడివండీ? అద్దంలాంటి నీరు!" అంటారు. అదే పొరపాటు. మన పట్నాల్లో మురికి కాలువలో పుట్టి బోదకాలు తెచ్చే దోమ వేరు. ఇళ్ళలో నిలవ నీళ్ళలో పుట్టి డెంగీ తెచ్చే దోమ వేరు. కొండల్లో మలేరియా తెచ్చే అనాఫిలిస్ దోమకి మురికి గిట్టదు. గట్టు వెంబడి గడ్డి ఉన్న తేటనీటి సెలయేళ్ళు, మెల్లగా పారే వాగులు, పొలం మళ్ళు దానికి పుట్టిళ్ళు. మీరు ఎక్కడ నిలబడి ఫోటో తీయించుకుంటారో సరిగ్గా అక్కడే. పైగా అది చెవి దగ్గర పెద్దగా రొద చెయ్యదు. పగలు కుట్టదు. పొద్దుగూకిన దగ్గరనుంచి తెల్లవారే దాకా, అందులోను మీరు గాఢ నిద్రలో ఉన్నప్పుడు కుడుతుంది. అందుకే "దోమలే లేవండీ" అని అందరూ తిరిగి వస్తారు.

దోమకీ మలేరియాకీ ఉన్న సంబంధాన్ని రొనాల్డ్ రాస్ పట్టుకున్నది మన సికిందరాబాదులోనే, 1897 ఆగస్టు 20న. దోమ పొట్ట కోసి, అందులో మలేరియా క్రిమిని సూక్ష్మదర్శినిలో చూశాడు. ఐదేళ్ళకి నోబెల్ బహుమతి ఇచ్చారు. నూట పాతికేళ్ళు దాటినా ఆ దోమ మాత్రం మన కొండల్లోంచి కదల్లేదు.

నేను విశాఖలో వైద్యం చదువు ముగించుకుని, ఉద్యోగంలో చేరిన కొత్తలో, తొంభైల చివర, ఏజెన్సీలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేశాను. ఊరి పేరెందుకు లెండి. వానాకాలం వస్తే వరండా నిండా చాపలు. డోలీ కట్టి పిల్లల్ని మోసుకొచ్చేవారు. ఒక కొసన తండ్రి, ఒక కొసన మేనమామ, మధ్యలో దుప్పట్లో చుట్టిన పిల్ల. మలేరియాలో ఫాల్సిపారం అనే రకం మెదడుకి ఎక్కితే నాలుగు గంటలు ఆలస్యమైనా ప్రాణం దక్కదు. నా చేతుల్లో దక్కనివాళ్ళ ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి. కొండ మీద సిగ్నలు లేదని, వేడినీళ్ళు రాలేదని మనం కోపగించుకుంటాం గాని, మనం రెండు రాత్రులు తప్పించుకుంటే చాలుననుకునే ఆ దోమతో వాళ్ళు జన్మంతా కాపురం చేస్తారు. సరే, అది వేరే వ్యాసం.

ఇంత తెలిసిన మనిషిని కదా నేను. 2023 అక్టోబరులో దసరా సెలవులకి మా అమ్మాయి కాలేజీ స్నేహితురాళ్ళతో వంజంగి వెళ్ళింది. ఆరుగురు ఆడపిల్లలు, ఒక స్నేహితురాలి తల్లి తోడు. వాగు పక్కన పొలంలో గుడారాలు. పాలసముద్రం చూసి, కెమెరా నిండా ఫోటోలతో ఆదివారం ఇంటికి వచ్చింది. "దోమలున్నాయా?" అని నేను అడిగానో లేదో కూడా గుర్తులేదు. అడిగినా "లేవు నాన్నా" అనే ఉంటుంది.

సరిగ్గా పన్నెండో రోజు సాయంత్రం చలి అంది. ముందు రోజు వానలో తడిసింది. "జలుబు జ్వరం" అన్నాను. పారాసిటమాల్ ఇచ్చాను. జ్వరం దిగింది, చెమట పట్టింది, మళ్ళీ ఎక్కింది. రెండో రోజు వాళ్ళమ్మ, "రక్తపరీక్ష చేయిద్దామా?" అంది. "అయిన దానికీ కాని దానికీ పరీక్షలేమిటి? వైరల్ జ్వరం, మూడు రోజుల్లో అదే పోతుంది" అన్నాను. ఓపీలో జనం చేత రోజూ తిట్టించుకుంటూ నేను ఎవరికైతే ఆ మాట అనవద్దని చెబుతానో, సరిగ్గా వాళ్ళలాగే అన్నాను.

మూడో రోజు పొద్దున్న నేను ఆసుపత్రికి బయలుదేరుతున్నాను. వాళ్ళమ్మ కాఫీ గ్లాసు ఇవ్వబోతే పిల్ల చెయ్యి చాచింది. గ్లాసు ఉన్న చోట కాదు, జానెడు పక్కన, గాలిలో పట్టుకుంది. పట్టుకున్నాననుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది కూడా. నిద్రమత్తు అనుకున్నాను.

అప్పుడే మా ఆసుపత్రి అటెండరు ఏవో కాగితాలు పట్టుకుని సంతకానికి ఇంటికి వచ్చాడు. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఇక్కడే ఉన్న మనిషి. గుమ్మంలోంచి లోపలికి చూసి, "పాపగారికేటయ్యింది బాబూ?" అన్నాడు.

"జ్వరం."

"మొన్న పండక్కి కొండకెల్లొచ్చినారు కదేటి? రగతం తీసినారా?"

నా దగ్గర జవాబు లేదు. వానాకాలంలో రోజుకి నలభైమందిని నేను అడిగే ప్రశ్న అది. "ఈ నెలలో ఏజెన్సీకి వెళ్ళొచ్చావా?" అని. నా వెనకాల నిలబడి విని విని అతనికి నోటికి వచ్చేసింది. మా ఇంట్లో ఒక్కరిని అడగడం నాకు రాలేదు.

వేలికొసన ఒక చుక్క రక్తం. పరీక్ష పలక మీద పావుగంటలో గీత కనిపించింది. ఫాల్సిపారం. నేను చాలా ఏళ్ళుగా చూస్తున్న గీతే. ఆ రోజు మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాను. జ్వరంలో తికమక మొదలైందంటే అది మామూలు మలేరియా లెక్కలోకి రాదు. మాత్రలతో ఆగే దశ కాదు. గంటలో విజయనగరం తీసుకెళ్ళి చేర్చాం. ఆర్టిసునేట్ ఇంజెక్షన్లు పడ్డాయి. ఆ రాత్రంతా నేను డాక్టరుని కాను, వరండాలో బెంచీ మీద కూర్చున్న ఒక తండ్రిని. ఎవరు తెల్లకోటులో వచ్చినా లేచి నిలబడ్డాను. రెండో రోజు మధ్యాహ్నం కళ్ళు తెరిచి, "నా కాఫీ ఏది?" అంది. ఐదో రోజు ఇంటికి వచ్చింది.

తరవాత కూర్చుని మిగిలిన ఐదుగురు పిల్లలకీ ఫోన్లు చేశాం. నలుగురు బాగానే ఉన్నారు. ఐదో అమ్మాయి హైదరాబాదులో వాళ్ళ అన్నయ్య ఇంట్లో ఉంది. నాలుగు రోజులుగా జ్వరం. టైఫాయిడ్ కి మందులు వాడుతున్నారు. అక్కడి డాక్టరుగారి తప్పు లేదు. ఆయన దగ్గరికి వచ్చిన పిల్ల హైదరాబాదులో ఉంది, హైదరాబాదు అడ్రసే చెప్పింది. పది రోజుల కిందట పాడేరు పొలంలో పడుకుందని ఆయనకి ఎవరు చెప్పారు? ఫోనులోనే వాళ్ళ అన్నయ్యతో, "ఇప్పుడే వెళ్ళి, ఏజెన్సీకి వెళ్ళొచ్చిందని చెప్పి, మలేరియా పరీక్ష చేయమనండి బాబూ" అన్నాను. ఆ సాయంత్రం అతను ఫోను చేసేదాకా మా ఇంట్లో ఎవరమూ అన్నానికి కూర్చోలేదు. ఆ పిల్లకీ అదే వచ్చింది. ఇంకా ముదరలేదు, మాత్రలతోనే తగ్గింది.

ఇందులో మీరు పట్టుకోవలసింది లెక్క ఒకటే. దోమ కుట్టిన మర్నాడు జ్వరం రాదు. ఫాల్సిపారం అయితే వారం నుంచి రెండు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా వస్తుంది. వైవాక్స్ అనే రెండో రకం కాలేయంలో దాక్కుని, నెలల తరవాత కూడా తలెత్తుతుంది. అప్పటికి మీరు ఇంటికి చేరి, బట్టలు ఉతుక్కుని, ఫోటోలు అందరికీ పంపి, ప్రయాణం మరిచిపోయి ఉంటారు. చలి పుట్టి, వణికి, చెమట పట్టి, రోజు విడిచి రోజు రావాలని పుస్తకంలో ఉంటుంది. ఫాల్సిపారం పుస్తకం చదవదు. ఒట్టి తలనొప్పి, ఒళ్ళునొప్పులు, విరోచనాలు, పిల్లల్లో ఒట్టి మగత, ఏ వేషంలోనైనా వస్తుంది.

కనుక కొండ నుంచి వచ్చిన రోజుని క్యాలెండరు మీద ఎర్ర సిరాతో చుట్టండి. అక్కణ్ణుంచి నెల రోజులలోపు ఏ జ్వరం వచ్చినా అదే రోజు పరీక్ష చేయించండి. ఏడాదిలోపు ఎప్పుడు జ్వరం వచ్చినా డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ పరీక్షకి, మందులకి డబ్బు అక్కరలేదు. మొదటిసారి ఏమీ లేదని వచ్చి, జ్వరం మాత్రం తగ్గకపోతే మర్నాడు మళ్ళీ చేయించండి. క్రిమి ఒక్కోసారి మొదటి చుక్కలో దొరకదు. అటక మీద ఎప్పటివో క్లోరోక్విన్ మాత్రలున్నాయని వేసుకోవద్దు, ఫాల్సిపారం వాటికి లొంగదు. పరీక్షలో మలేరియా లేదంటే, పిల్లల్ని బట్టలు విప్పి చంక, గజ్జ, నడుము, మోకాలి వెనక చూడండి. సిగరెట్టుతో కాల్చినట్టు చిన్న నల్లని పెచ్చు కనిపిస్తే డాక్టరుకి చూపించండి. పొదల్లో, గడ్డిలో ఉండే నల్లికన్నా చిన్న పురుగు కుట్టి తెచ్చే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం అది. తెలుసుకుంటే సులువుగా పోయేదే, తెలియకపోతే ప్రాణం మీదికి వస్తుంది. గడ్డిలో పొర్లి ఫోటోలు తీయించుకోకుండా కింద దుప్పటి పరుచుకుంటే దాని బెడద చాలావరకు ఉండదు.

గర్భిణుల సంగతి చెబుతానన్నాను. గర్భంతో ఉన్నప్పుడు మలేరియా తల్లికీ బిడ్డకీ కూడా ఉగ్రంగా వస్తుంది. అందుచేత వానలు మొదలైన దగ్గరనుంచి తగ్గేదాకా, ఘాట్ ఎంత నున్నగా ఉన్నా సరే, కోడల్ని కొండ మీద రాత్రి బస చేయించవద్దు. ఎండ ఉండగా వెళ్ళి, బొర్రా దగ్గర మెట్లు దిగకుండా పైనే కూర్చుని, పొద్దుగూకకముందే దిగి వచ్చేయండి. మొదటి మూడు నెలలు, ఆఖరి రెండు నెలలు ఆ ప్రయాణం కూడా వద్దు.

మిగిలినవాళ్ళు సాయంత్రం ఐదున్నరకల్లా నిండు చేతుల చొక్కా, సాక్సులు తొడుక్కోండి. బయటికి కనిపించే చోటల్లా దోమలు కుట్టకుండా ఓడోమాస్ లాంటి క్రీము రాసుకోండి. దోమతెర మీదే పట్టుకెళ్ళండి. అంచులు పరుపు కిందికి దోపండి, వేలాడదీసి వదిలేస్తే లోపల చేరిన దోమకి మీరే విందు. ఎక్కువ రోజులు ఉండేవాళ్ళు ముందుజాగ్రత్త మాత్రలు కావాలా అని వెళ్ళేముందే డాక్టరుని అడగండి. సొంత వైద్యం వద్దు.

డిసెంబరు, జనవరిలో లంబసింగి చలికని వెళ్ళేవాళ్ళకి దోమకన్నా నిశ్శబ్దమైన శత్రువు ఇంకొకటి ఉంది. చలి ఓర్వలేక గదిలోకో, గుడారంలోకో బొగ్గుల కుంపటి తెచ్చుకుని, తలుపులు బిడాయించి పడుకుంటారు. కాలే బొగ్గులోంచి రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. అది రక్తంలో ప్రాణవాయువు చోటు ఆక్రమిస్తుంది. కాస్త తలనొప్పి, మగత, ఆ తరవాత లేవరు. కిటికీ లేని స్నానాల గదిలో గ్యాసు గీజరుదీ అదే కథ. నెగడు ఆరుబయటే వేసుకోండి. పడుకునేటప్పుడు ఇంకో రగ్గు అడగండి, కుంపటి అడగకండి. ఉబ్బసం ఉన్న అమ్మగారు పీల్చే మందు సంచిలో అడుగున కాకుండా చేతికి అందేటట్టు పెట్టుకుని, తెల్లవారుజామున ముక్కుకి, నోటికి శాలువా చుట్టుకుని బయటికి రావాలి. నెగడు పొగకి ఎదురుగా కూర్చోకూడదు.

ఇది రాస్తుంటే మా అమ్మాయి వెనకనుంచి చదివి, "నా సంగతి అందరికీ చెప్పేశావా?" అంది. కోపమేమీ లేదు. డిసెంబరు వస్తే అరకులో వలిసె పూలు పూస్తాయి, లోయంతా పసుపు ఆరబోసినట్టుంటుంది, మళ్ళీ వెళ్ళాలంటోంది. ఈసారి గుడారం కాదట, జాలీ ఉన్న గది ఫోనులో అడిగి చూసుకుందట. రెండు దోమతెరలు కొని తెచ్చింది. ఒకటి తనకీ వాళ్ళమ్మకీ. రెండోది ఎవరికని అడిగితే నా వైపు చూసింది. సెలవు చీటీ ఇంకా పెట్టలేదు.